మతిస్థిమితానికి ఎన్ని కొలతలు?

2023 ఆగస్టు 11న లోక్‌సభలో ప్రవేశపెట్టిన భారతీయ న్యాయ సంహిత బిల్లులో 22వ క్లాజు 1860 నాటి శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్‌కు కొత్త రూపం. తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పని గాని చట్టవిరుద్ధమని గాని గ్రహించలేని స్థితిలో ఉన్న మనిషి చేసిన పని నేరం కాదన్నది దాని సారాంశం. ఆ స్థితికి కారణంగా పాత స్మృతి ‘మతిస్థిమితం లేకపోవడం’ అనే మాట వాడింది. కొత్త బిల్లు ఆ మాటను కొట్టివేసి ‘మానసిక రుగ్మత’ అని వ్రాసింది. నాలుగు నెలల పిదప, డిసెంబరు 12న బిల్లు మరల సభ ముందుకు వచ్చేసరికి కొత్త మాట మాయమై, పాత మాట యథాస్థానంలో కూర్చున్నది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. 2024 జులై 1 నుంచి అది దేశానికి శిక్షాస్మృతి.

ఆ శీతాకాల సమావేశాలలో ఉభయ సభల నుంచి సస్పెండ్ అయిన ప్రతిపక్ష సభ్యులు 146 మంది. ప్రెస్ గ్యాలరీలో ఉన్న మా అందరి దృష్టీ ఆ అంకె మీదనే ఉన్నది. ఆనాటి నా నోటు పుస్తకాన్ని ఈ మధ్య తిరగవేశాను. ఖాళీ బెంచీల గురించి రెండు పేజీలు వ్రాసుకున్నాను గాని 22వ క్లాజును గురించి ఒక్క పంక్తి లేదు. ఆ లోపాన్ని ఈ వారం కొంతైనా పూరించవలెనని నా ప్రయత్నం. ఆ మాట ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది అన్న ప్రశ్న వెనుక అంతకన్న పెద్ద ప్రశ్న ఒకటి ఉన్నది. ఒక మనిషి చట్టం దృష్టిలో ‘శక్తుడు’ అని గాని, ‘అశక్తుడు’ అని గాని అన్నప్పుడు మనం నిజంగా ఏమి అంటున్నాము?

ఇంగ్లీషు న్యాయ పరిభాషలో దీనికంతటికీ ‘కాంపిటెన్సీ’ అని ఒకే మాట. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. కాంపిటెంట్ కోర్టు అంటే అధికార పరిధి గల న్యాయస్థానం. కాంపిటెంట్ సాక్షి అంటే సాక్ష్యం చెప్పడానికి అర్హుడు. ఒడంబడికకు కాంపిటెంట్ అంటే దానిని చేసుకొనే శక్తి గలవాడు. శాసనసభ కాంపిటెన్సీ అంటే ఏడవ షెడ్యూలులోని జాబితాలు ఆ సభకు ఇచ్చిన అధికారం. అధికారం, అర్హత, శక్తి అని మనం ఒకే మాటను మూడు నాలుగు రకాలుగా అనువదించుకోక తప్పదు. ఇంగ్లీషు చదువుకున్న కొత్తలో ఇది మన భాష పేదరికం అనుకొనేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. దేనికి శక్తుడు, ఎప్పుడు శక్తుడు అని మన భాష ప్రతిసారీ అడుగుతున్నది. మంచి చట్టం అడగవలసిన ప్రశ్న కూడా అదే.

తెల్లదొరలు 1872లో చేసిన రెండు చట్టాలు ఈ ప్రశ్నను ఎంత జాగ్రత్తగా అడిగాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మొదటిది కాంట్రాక్టు చట్టం. మైనరు ఒడంబడిక చేసుకోజాలడని 11వ సెక్షన్ గట్టిగా చెప్పింది. కలకత్తాలో ఒక మైనరు తన ఆస్తిని వడ్డీ వ్యాపారికి తాకట్టు పెట్టిన వ్యవహారంలో, 1903లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తాకట్టు మొదటి నుంచీ చెల్లనిదని తీర్పు చెప్పింది. మొహరీ బీబీ కేసుగా ప్రసిద్ధమైన ఈ తీర్పును న్యాయ విద్యార్థులు నేటికీ వల్లె వేస్తున్నారు. వయస్సు విషయంలో చట్టం గీచిన గీత అంత కఠినం. అదే చట్టం మతిస్థిమితం దగ్గరకు వచ్చేసరికి గీత గీయలేదు. ఒప్పందం చేసుకొనే సమయంలో దానిని అర్థం చేసుకొని, తన ప్రయోజనాలపై దాని ప్రభావాన్ని వివేకంతో తూచగలిగితే చాలునని 12వ సెక్షన్ చెప్పింది. ఆ సెక్షన్ కిందనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. పిచ్చాసుపత్రిలో ఉన్నవాడైనా మధ్య మధ్య తెలివి కుదురుగా ఉండే వేళలలో ఒడంబడిక చేసుకోవచ్చు. మంచి తెలివి గలవాడైనా జ్వరంతో సంధి కొట్టినప్పుడో, ఒప్పందం తెలియనంతగా తాగినప్పుడో చేసుకోజాలడు. నూట యాభై ఏళ్ల నాటి చట్టం ఎదుటివాడు ఏ కోవకు చెందినవాడని అడగలేదు. ఈ క్షణంలో ఈ పనికి తగినంత తెలివి ఉన్నదా అని మాత్రమే అడిగింది. 1925 వారసత్వ చట్టం వీలునామా విషయంలో నడిచిన దారి కూడా ఇదే.

రెండవది సాక్ష్య చట్టం. అడిగిన ప్రశ్న అర్థమై దానికి పొంతన గల జవాబు చెప్పగలిగిన ప్రతివాడూ సాక్షిగా పనికివస్తాడని దాని 118వ సెక్షన్ చెప్పింది. మతి చలించినవాడు కూడా ఆ కారణం ఒక్కదానితో అనర్హుడు కాడని వివరణ చేర్చింది. ఈ నిబంధన నేడు భారతీయ సాక్ష్య అధినియంలో 124వ సెక్షన్. కనీస వయస్సు లేదు. 1952లో రాజస్థాన్ నుంచి వచ్చిన రామేశ్వర్ కేసులో ఎనిమిదేళ్ల బాలిక చేత ప్రమాణం చేయించలేదని ఆక్షేపణ వచ్చింది. ప్రమాణం లేనంత మాత్రాన సాక్షికి అర్హత పోదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పది రూపాయల ప్రామిసరీ నోటు వ్రాయజాలని పిల్ల, ఒక మనిషిని జైలుకు పంపగల సాక్ష్యం చెప్పవచ్చు! పైకి వైరుధ్యంగా కనిపించినా ఇందులో వైరుధ్యం లేదు. ఒడంబడికకు కావలసినది లాభనష్టాల వివేకం. సాక్ష్యానికి కావలసినది చూచినది చూచినట్లు చెప్పగల శక్తి.

‘దేనికి’ అన్న ప్రశ్న మరచిపోతే ఏమి జరుగుతుందో అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్ జీవితమే సాక్ష్యం. తీవ్రంగా గాయపరచిన నేరారోపణపై 1951లో పోలీసులు ఆయనను నిర్బంధంలోకి తీసుకున్నారు. అప్పటికి ఇరవై మూడేళ్లవాడు. మానసిక స్థితి సరిగా లేదని తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. విచారణను ఎదుర్కొనే స్థితిలో లేని నిందితుని కేసును వాయిదా వేయాలని, కోలుకున్న పిదప విచారణ సాగించాలని చట్టం ఆదేశిస్తున్నది. న్యాయవాదికి తన మాట చెప్పుకోలేని మనిషిని బోనులో నిలబెట్టరాదన్నది అందులోని దయ. 1967లో ఆయన కోలుకున్నాడని వైద్యశాల తెలిపింది. అప్పుడు కోర్టుకు వెళ్లవలసిన మనిషి జైలుకు వెళ్లాడు. విచారణ లేదు, తీర్పు లేదు, శిక్ష లేదు, విడుదలా లేదు. జాతీయ మానవ హక్కుల సంఘం దృష్టికి వచ్చిన తరువాత 2005 జులైలో, ఒక్క రూపాయి పూచీకత్తుపై, డెబ్బై ఏడేళ్ల వయస్సులో లాలుంగ్ బయటకు వచ్చాడు. నిర్బంధం మొత్తం 54 సంవత్సరాలు. మూడు లక్షల రూపాయలు చెల్లించవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆయన ఎంతో కాలం బ్రతకలేదు. 2007లో మరణించాడు.

ఇక్కడ చట్టం క్రూరమైనది కాదు. ‘ఇప్పుడు విచారణకు అశక్తుడు’ అని కోర్టు ఒక రోజున వ్రాసుకున్న మాట, కార్యాలయాల ఫైళ్లలో ‘అశక్తుడు’ అని మాత్రమే మిగిలింది. ‘ఇప్పుడు’, ‘విచారణకు’ అన్న రెండు ముక్కలూ ఎక్కడో రాలిపోయాయి. వాటిని తిరిగి అతికించవలసిన బాధ్యత ఎవరిదన్నది ఎవరికీ పట్టలేదు.

పార్లమెంటు ఒక మాటను మార్చితే ఎవరి జీవితం మారుతుందన్న ప్రశ్నకు 2009లో చండీగఢ్ నుంచి ఒక జవాబు వచ్చింది. ప్రభుత్వ ఆశ్రయ గృహంలో ఉంటున్న, ఇరవై ఏళ్లు నిండీ నిండని ఒక అనాథ యువతిపై అక్కడే అత్యాచారం జరిగి ఆమె గర్భవతి అయింది. ఆమెకు స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్నది. గర్భస్రావం చేయించాలని పంజాబ్, హర్యానా హైకోర్టు ఆదేశించింది. బిడ్డను కంటానని ఆ యువతి చెప్పింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వచ్చింది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టంలో, స్త్రీ ‘లూనటిక్’ అయితే ఆమెకు బదులు సంరక్షకుని సమ్మతి చాలునని ఉండేది. 2002లో పార్లమెంటు ఆ మాట తీసివేసి ‘మానసిక రోగి’ అని వ్రాసింది. బుద్ధిమాంద్యం ఆ నిర్వచనంలోకి రాదని కూడా చేర్చింది. ఏడేళ్ల తరువాత ఆ చిన్న మినహాయింపే ఈ యువతికి అండగా నిలిచింది. బుద్ధిమాంద్యం వేరు, మానసిక రుగ్మత వేరు. కనుక ఈమె సమ్మతి లేనిదే గర్భస్రావం కూడదని ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలోని ధర్మాసనం నిర్ణయించింది. తల్లీబిడ్డల యోగక్షేమాలు చూడడానికి నేషనల్ ట్రస్టు అధ్యక్షురాలు ముందుకు రావడం కూడా కోర్టుకు ధైర్యమిచ్చింది. శక్తి అంటే ఒంటరిగా నిలబడడమే కాదు, పక్కన ఒకరుంటే నిలబడగలగడం కూడా అన్న ఆలోచన మన న్యాయస్థానంలో అంత స్పష్టంగా కనిపించడం విశేషం.

దీనికి ఎదురు దిక్కు నుంచి వచ్చినది 2017 నాటి ఢిల్లీ కేసు. ముప్పై ఎనిమిదేళ్ల స్త్రీ, మానసిక వయస్సు ఆరేడేళ్లు, అత్యాచార బాధితురాలు. పిల్లల రక్షణకై 2012లో చేసిన పోక్సో చట్టంలోని ప్రత్యేక విచారణ సదుపాయాలు తన కుమార్తెకూ కావాలని తల్లి అర్థించింది. ఆ తల్లి వాదన విన్నవారెవరికైనా మనసు కరుగుతుంది. అయినా చట్టంలోని పద్దెనిమిదేళ్లు అంటే పుట్టుక నుంచి లెక్కించిన ఏళ్లేనని, మానసిక వయస్సును అందులో చేర్చడం న్యాయస్థానం పని కాదని న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, నారిమన్ తీర్పు చెప్పారు. అప్పటికే నిందితుడు మరణించాడు. బాధితురాలికి గరిష్ఠ పరిహారం ఇప్పించారు. తీర్పు కఠినంగా తోచినా నాకు సరైనదిగానే కనిపిస్తున్నది. రక్షణ కోసం ఒకసారి ‘ఈమె చిన్నపిల్ల’ అని ముద్ర వేస్తే, రేపు ఆమె బ్యాంకు ఖాతా దగ్గర, పోలింగు కేంద్రం దగ్గర, వివాహం దగ్గర అదే ముద్ర అడ్డుపడదన్న హామీ లేదు. కాని అటువంటి స్త్రీ కోర్టులో సాక్ష్యం చెప్పే వేళ ఆమెకు తగిన ఏర్పాట్లు చేయవలసిన బాధ్యత నుంచి పార్లమెంటు తప్పించుకోజాలదు. ఆ పని పిల్లల చట్టాన్ని సాగదీసి చేయవలసినది కాదు.

భారతదేశం 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ధ్రువపరచింది. చట్టపరమైన శక్తి అందరికీ సమానంగా ఉన్నదని, దానిని వినియోగించుకోవడానికి కావలసిన తోడ్పాటు ఇవ్వడం రాజ్యం విధి అని దాని 12వ అధికరణం చెబుతున్నది. ఆ మాటను మన పార్లమెంటు రెండు చట్టాలలోకి తెచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, సంరక్షకుడు వికలాంగునితో కలిసి నిర్ణయం తీసుకొనే ‘పరిమిత సంరక్షణ’ను సాధారణ నియమం చేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. చికిత్సకు సంబంధించిన సమాచారం అర్థమై, దాని పర్యవసానం గ్రహించి, తన నిర్ణయాన్ని ఏదో ఒక విధంగా తెలియజేయగలిగితే ఆ రోగి శక్తుడేనని 4వ సెక్షన్ చెప్పింది. ఇతరులకు తప్పుగా తోచిన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదనరాదని కూడా వ్రాసింది. (ఈ నియమం లేకపోతే ఎన్నికల వేళ ఎన్ని కుటుంబాలలో ఎందరు అశక్తులుగా తేలేవారో!) రుగ్మత ఉన్నదని తేలినంత మాత్రాన, అధికారం గల న్యాయస్థానం ప్రకటించనిదే, ఆ వ్యక్తికి మతిస్థిమితం లేదని భావించరాదని 3వ సెక్షన్ విడదీసి చెప్పింది.

ఇప్పుడు 22వ క్లాజు దగ్గరకు తిరిగి వస్తే, ఆగస్టు బిల్లు చేసిన పొరపాటు ఏమిటో తెలుస్తుంది. ‘మానసిక రుగ్మత’కు ఆ బిల్లు ఈ 2017 చట్టంలోని నిర్వచనాన్నే అరువు తెచ్చుకున్నది. చికిత్స హక్కుగా అందరికీ అందాలన్న ఉద్దేశంతో అక్కడి నిర్వచనం విశాలమైనది. మద్యానికి, మత్తు పదార్థాలకు అలవాటు పడడం వలన కలిగే మానసిక స్థితులు అందులో ఉన్నాయి. బుద్ధిమాంద్యం అందులో లేదు. ఆ నిర్వచనాన్ని శిక్షాస్మృతికి అతికిస్తే, తాగుడుకు బానిసైనవాడు ఈ రక్షణను కోరే దారి తెరుచుకుంటుంది. పుట్టుకతో బుద్ధి ఎదగనివాడు, నిజంగా తెలియక చేసినవాడు, దాని వెలుపల నిలిచిపోతాడు. 2009లో చండీగఢ్ యువతిని కాపాడిన మినహాయింపే ఇక్కడ మరొకరిని ఉరికంబం దగ్గరకు తీసుకువెళ్లగలదు. మాట ఒక్కటే, నిలబెట్టిన చోటు వేరు.

బ్రిజ్‌లాల్ అధ్యక్షతన ఉన్న హోంశాఖ స్థాయీ సంఘం 2023 నవంబరు నివేదికలో దీనిని పట్టుకున్నది. ‘మానసిక రుగ్మత’ మరీ విశాలమైన మాట అని, స్వయంగా సేవించిన మత్తు వంటివి కూడా అందులో చేరిపోయేటట్లున్నవని అభ్యంతరం తెలిపి, పాత మాటే మేలన్నది. ప్రభుత్వం అంగీకరించింది. స్థాయీ సంఘాలకు బిల్లులు పంపడం అరుదైపోయిన ఈ కాలంలో, పంపితే ఏమి లాభమన్నదానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. అయితే సంఘం తప్పును దిద్దింది గాని, అవకాశాన్ని వాడుకోలేదు. ‘మతిస్థిమితం లేకపోవడం’ అంటే ఏమిటో 1860 స్మృతి నిర్వచించలేదు. 2023 స్మృతి కూడా నిర్వచించలేదు. వైద్యుని దృష్టిలోని పిచ్చి వేరు, చట్టం దృష్టిలోని పిచ్చి వేరు అని న్యాయస్థానాలు దశాబ్దాలుగా చెబుతూ వస్తున్నాయి. రుజువు భారం నిందితునిదే, అయితే ప్రాసిక్యూషనుకు ఉన్నంత బరువు అతనిపై లేదని 1964లోనే దాహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఇంత తీర్పుల సంపద చేతిలో ఉండి కూడా పాత మాటను పాత మాటగానే ఉంచడం పార్లమెంటుకు తగిన పని కాదు.

శిక్షాస్మృతిలోనైనా ‘ఆ పని చేసిన సమయంలో’ అన్న షరతు ఉన్నది. రాజ్యాంగంలో ఆ పాటి షరతు కూడా లేదు. మతిస్థిమితం లేనివాడని అధికారం గల న్యాయస్థానం ప్రకటిస్తే 102వ అధికరణం కింద పార్లమెంటు సభ్యత్వానికి, 191 కింద శాసనసభ్యత్వానికి అనర్హుడు. అటువంటి ప్రకటన ఉంటే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ కింద ఓటరు జాబితాలో పేరు ఉండరాదు. ఓటు వేయడానికి ఎంత తెలివి కావాలి, ఏ రకం తెలివి కావాలి అని చట్టం అడగదు. ఆస్తి వ్యవహారం కోసం ఇచ్చిన ప్రకటన ఓటు హక్కును కూడా తనతో తీసుకుపోగలదు.

దీని పక్కన ఇంకొక నియమాన్ని పెట్టి చూడండి. జైలులో ఉన్నవాడు 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఓటు వేయజాలడు. ఓటు వేయలేనివాడు పోటీ కూడా చేయరాదని 2013 జులైలో సుప్రీంకోర్టు అన్నది. రెండు మూడు నెలలలోనే పార్లమెంటు చట్టాన్ని సవరించి, జైలులో ఉన్నా పోటీకి అర్హుడేనని వ్రాసుకున్నది. 2024లో బారాముల్లా నుంచి గెలిచిన అభ్యర్థి తీహార్ జైలు నుంచి వచ్చి జులై 5న ప్రమాణ స్వీకారం చేశారు. విచారణ పూర్తి కాని మనిషి పోటీ చేయడం తప్పని నేను అనడం లేదు. తమ వర్గానికి సంబంధించిన అనర్హత మీదకు వచ్చినప్పుడు సభ్యులు ఎంత త్వరపడగలరో మాత్రమే చెబుతున్నాను. మతిస్థిమితం పేరిట పేరు కొట్టివేయబడిన ఓటరు కోసం ఆ త్వర ఎప్పుడూ కనిపించలేదు.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉన్నది. రాజ్యాంగం చెప్పిన ఆ ‘ప్రకటన’ చేయవలసిన న్యాయస్థానం ఏది? 1912 లూనసీ చట్టంలోను, దాని స్థానంలో వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టంలోను, ఆస్తి గల మానసిక రోగి స్థితిని జిల్లా కోర్టు విచారించి తేల్చే విధానం ఉండేది. 2017 చట్టం 1987 చట్టాన్ని రద్దు చేసింది. ఆ విచారణ అధ్యాయానికి బదులుగా ఏదీ పెట్టలేదు. మనిషిని శాశ్వతంగా అశక్తుడని ముద్ర వేసే విధానం పోవడం ఉద్దేశపూర్వకమే కావచ్చు. అయితే ఆ ముద్రపై ఆధారపడిన రాజ్యాంగ నిబంధనలు, ఎన్నికల చట్టం, వివాహ చట్టం అలాగే ఉన్నాయి. స్పృహ కోల్పోయి ఏళ్ల తరబడి మంచం పట్టినవారి బ్యాంకు ఖాతాల నుంచి వైద్య ఖర్చుకు డబ్బు తీయడానికి భార్యలు, బిడ్డలు హైకోర్టుల గడప ఎక్కవలసి వస్తున్నది. 2019లో కేరళ హైకోర్టు అటువంటి కుటుంబాల కోసం రాజ్యాంగం 226వ అధికరణం కింద తానే మార్గదర్శక నియమాలు రూపొందించింది. చట్టం లేని చోట రిట్ పిటిషనే చట్టమైంది.

ఎన్నికల చట్టాల సవరణ బిల్లు ఏది సభకు వచ్చినా ఈ 16వ సెక్షన్‌ను అందులో కలపడానికి అడ్డు లేదు. దానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కరలేదు. ఓటరు జాబితా నుంచి ఎవరిని ఏ కారణంతో తొలగించవచ్చునో చట్టం ద్వారా నిర్ణయించే స్వేచ్ఛను 326వ అధికరణం పార్లమెంటుకే వదిలిపెట్టింది. రాబోయే సమావేశాలలో ఏ సభ్యుడైనా ప్రైవేటు బిల్లుగానైనా దీనిని తెస్తారేమోనని శుక్రవారం మధ్యాహ్నాల కార్యక్రమ పట్టికను నేను చూస్తూనే ఉంటాను.